గిరీశం ఆఖరి డైలాగు ఎవరు కొట్టేశారు? ఒక హాస్య ఫాంటసీ మిస్టరీ మీద ఎడిటర్ కేస్ స్టడీ

నవలల రాతప్రతులు చదవడం, కథ ఎక్కడ కుంటుతోందో పట్టుకోవడం, రచయితతో కూర్చుని దాన్ని సరిచేయించడం నా పని. ఈ కేసులో చేతికొచ్చిన ప్రతి తెలుగులో అరుదైన రకం. పాత సాహిత్యం లోపలికి దూరి, అక్కడి పాత్రల మధ్య నేరపరిశోధన చేసే హాస్య ఫాంటసీ అది. కథ జరిగే చోటు గురజాడ 'కన్యాశుల్కం'. రచయిత్రి పేరు, నవల పేరు చెప్పను. మిగతాదంతా, నేరం ఎవరు చేశారన్నది సహా, ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. సస్పెన్స్ పోతుందనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

మొదటి డ్రాఫ్ట్‌లో కథ ఇది. ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఫోన్‌లో ఏదో యాప్ నొక్కి విజయనగరం బొంకుల దిబ్బ మీద పడతాడు. ఆ రాత్రే, నాటకంలో చిన్నపిల్లని పెళ్లాడబోయే ముసలాయన లుబ్ధావధాన్లు హత్యకు గురవుతాడు. హీరో ఫోన్ టార్చ్‌తో, ఆన్‌లైన్‌లో చూసిన క్రైమ్ సిరీస్‌ల తెలివితో దర్యాప్తు చేస్తాడు. సాయానికి వేరే పాత పుస్తకాల్లోంచి గణపతి వస్తాడు, బారిస్టర్ పార్వతీశం వస్తాడు, 'సాక్షి' సంఘం నుంచి జంఘాల శాస్త్రి వచ్చి ఉపన్యాసం ఇస్తాడు. చివరికి దెయ్యాల్ని పట్టే గవరయ్య మంత్రం వేసి చంపాడని తేలుతుంది.

జోకులు బాగున్నాయి. పేజీకి రెండు చోట్ల నిజంగానే నవ్వాను. కానీ సగం దాటాక హంతకుడెవరో తెలుసుకోవాలన్న ఆత్రం నాలో ఏమీ మిగల్లేదు. జోకులు ఆడుతూ కథ చచ్చిపోయిన నవల ఇది. దీన్ని బతికించాలంటే జోకుల జోలికి వెళ్లకుండా ముందు నేరాన్ని మార్చాలనిపించింది.

లుబ్ధావధాన్లు హత్య ఎందుకు పనిచెయ్యదో మొదట చూద్దాం. కన్యాశుల్కంలో ఇప్పటికే ఒక హత్య కేసు ఉంది, అదీ జరగని హత్య. కరటక శాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లుకి అంటగడతాడు. పెళ్లయ్యాక 'పెళ్లికూతురు' మాయమైపోతే, ముసలాయనే చంపేశాడని కేసు పెడతారు. మాయమైన మనిషి, శవమే లేని హత్య పుకారు, ఎటూ తేలని కంటె, లంచానికి చెయ్యి చాపే పోలీసు, అబద్ధపు సాక్ష్యాలు కొనుక్కొచ్చే రామప్ప పంతులు... డిటెక్టివ్ నవలకి కావలసిన సరుకంతా గురజాడ ఇచ్చేశాడు. చేయని హత్యకి ఇరుక్కుని వణికే మనిషిని నిజంగా చంపేస్తే, నాటకంలో ఉన్న ఆ గొప్ప హాస్యం మన చేతులతో మనమే తుడిచేసినట్టు. పైగా అతను చనిపోతే ఆ తర్వాతి అంకాలు ఆగిపోవాలి. డ్రాఫ్ట్‌లో అవి ఏమీ జరగనట్టు నడిచిపోతున్నాయి.

రెండో సమస్య ఇంకా లోతైనది. ఫాంటసీలో ఏదైనా జరగొచ్చు గనక, పాఠకుడు దేన్నీ ఊహించడానికి ప్రయత్నించడు. మంత్రంతో చంపొచ్చు అని చివర చెప్పే కథలో మధ్యలో క్లూలు ఎన్ని పెట్టినా ఎవరు పట్టించుకుంటారు? మిస్టరీకి ప్రాణం పాఠకుడి ఊహ. అతను ఊహించడానికి గోడలుండాలి. ఈ నవలలో గోడలు లేవు.

గోడల కోసం కొత్తగా మాయాలోక నియమాలు కల్పించడానికి రచయిత్రి సిద్ధపడ్డారు. సంధ్యవేళ తలుపు తెరుచుకుంటుంది, ఇత్తడి తాళం కావాలి, ఇలాంటివి. వద్దన్నాను. గోడలు గురజాడే కట్టి ఉంచాడు కదా, వాటినే వాడదాం అన్నాను. అంటే అచ్చులో ఉన్న నాటకమే నియమం కావాలి.

ఈ రకం కథలకి ఇంగ్లీషులో మంచి ఉదాహరణ జాస్పర్ ఫోర్డ్ 2001లో తెచ్చిన 'ది ఐర్ అఫేర్'. అందులో జేన్ ఐర్‌ని ఆవిడ పుస్తకం లోంచే ఎత్తుకెళ్లిపోతారు. అప్పుడు లోకంలో ఉన్న ప్రతుల్లో ఆ చోటు నుంచి కథ ఆగిపోతుంది. ఎందుకంటే ఆ నవల జేన్ తన నోటితో చెప్పే కథ. చెప్పే మనిషే లేకపోతే చెప్పడం ఉండదు. ఫాంటసీలో జరిగిన దుర్ఘటనకి ఫలితం ఆ పుస్తకం రాసిన పద్ధతి లోంచి పుట్టింది. నేను రచయిత్రికి చూపించదలచుకున్నది ఇదే. కన్యాశుల్కం నవల కాదు, నాటకం. ఇక్కడ కథ చెప్పేవాడు ఎవడూ లేడు. ఒక పాత్ర మాయమైతే పేజీ ఖాళీ అవదు. ఎదుటివాళ్లు గాలితో మాట్లాడుతూ, రాని జవాబుకి జవాబిస్తూ పోతారు. ఈ ఒక్క తేడాలోంచే నవల మొత్తానికి హాస్యం వస్తుంది.

ఇది పూర్తిగా దిగుమతి సరుకు అని నేననుకోను. పింగళి సూరన 'కళాపూర్ణోదయం'లో బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథే భూమ్మీద జరిగిపోతుంది. కథ విన్నవాళ్లు కథలో చిక్కుకుంటారు. ఎవరెవరో అన్నది చివరిదాకా ముడి విప్పకుండా సూరన నడిపిన తీరు చూస్తే, పదహారో శతాబ్దంలోనే ఈయన మిస్టరీ రాశాడనిపిస్తుంది. భవభూతి 'ఉత్తరరామచరితం' ఏడో అంకంలో రాముడు తన కథనే నాటకంగా కూర్చుని చూస్తాడు. రచయిత్రికి వీటిని గుర్తుచేసింది పాండిత్యం కోసం కాదు. ఆవిడ తన కథ విదేశీ పద్ధతికి తెలుగు బట్టలు తొడిగినట్టుందేమోనని లోలోపల బెంగపడుతున్నారు. ఆ బెంగ ఉన్నంతసేపూ ప్రతి పేజీలో క్షమాపణ చెప్పుకుంటున్నట్టు జోకులు పడుతూనే ఉంటాయి.

నేరం మార్చడం

ఈ రకం పుస్తకానికి ఇద్దరు పాఠకులుంటారు. ఒకరు కన్యాశుల్కం చదివి, సగం డైలాగులు నోటికొచ్చినవాళ్లు. ఇంకొకరు నాటకం చదవలేదు. 1955 నాటి సినిమా ఎప్పుడో టీవీలో చూశారు, గిరీశం అంటే ఎన్టీఆర్, మధురవాణి అంటే సావిత్రి. నేరం వీళ్లిద్దరికీ తగలాలి. చదివినవాడికే అర్థమయ్యే నేరం పెడితే పుస్తకం సాహిత్యసభల్లో తప్ప ఎక్కడా నిలవదు. ఎవరికీ ముందు తెలియని నేరం పెడితే కన్యాశుల్కం లోపల కథ పెట్టాల్సిన పనే లేదు.

తెలుగు చదవడం రానివాడికి కూడా తెలిసిన కన్యాశుల్కం ముక్క ఒకటే ఉంది. నాటకం ఆఖరున గిరీశం అనే మాట: "డామిట్! కథ అడ్డంగా తిరిగింది."

ఆ డైలాగు పోవాలి అన్నాను.

రచయిత్రి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్‌లో, "అది పోతే ఆయన నోరు తెరిచి అలా నిలబడిపోతాడు కదండీ" అన్నారు. నవల మొదటి అధ్యాయం అక్కడే పుట్టింది. ఒక చిన్న ఊళ్లో నాటక సమాజం కన్యాశుల్కం ఆడుతోంది. ఆఖరి సీన్. గిరీశం వేషగాడు నోరు తెరిచాడు, మాట రాలేదు. మర్చిపోయాడేమోనని పక్క వింగ్ లోంచి ప్రాంప్టర్ అందించబోయి పుస్తకంలోకి చూస్తే, ఆ లైనే లేదు. పాత ప్రతి తీశాడు, లేదు. లైబ్రరీ ప్రతిలో లేదు. ఊళ్లో ఎవరినడిగినా "గిరీశం చివర్లో ఏమంటాడు? ఏమీ అనడే" అంటారు. ఆ మాట గుర్తున్నది లోకంలో ప్రాంప్టర్ ఒక్కడికే. ఎందుకంటే నలభయ్యేళ్లుగా అతను దాన్ని ఎవరికో అందిస్తూనే ఉన్నాడు.

ఈ ప్రాంప్టర్ ఆలోచన పూర్తిగా రచయిత్రిది, మొత్తం మార్పుల్లో నాకు బాగా నచ్చింది కూడా ఇదే. సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ణి తీసేయడానికి ఆవిడ మొదట ఒప్పుకోలేదు. కుర్రవాళ్లు చదవరన్నారు. కానీ ప్రాంప్టర్ దొరికాక వాదన అక్కర్లేకపోయింది. రంగం మీదా ఉండడు, ప్రేక్షకుల్లోనూ ఉండడు. రెండు లోకాల మధ్య తెర పక్కన కూర్చోవడమే అతని ఉద్యోగం. నాటకం లోపలికి వెళ్లడానికి యాప్ అక్కర్లేదు, వింగ్‌లో రెండడుగులు వేస్తే చాలు. అతన్ని చూసి మధురవాణి "ఎవరండీ మాస్టారూ మీరు? ఈ అంకంలో మీ ప్రవేశం లేదే" అంటుంది. ఈ ఒక్క పలకరింపుతో ఆ లోకం ఎలా నడుస్తుందో పాఠకుడికి మొత్తం తెలిసిపోయింది. అంతకుముందు డ్రాఫ్ట్‌లో అదే సంగతి వివరించడానికి అధ్యాయంన్నర పట్టింది.

డిటెక్టివ్ ఎవరన్నదానికి పెద్ద చర్చ జరగలేదు. కన్యాశుల్కంలో ఎవరి అబద్ధం ఏమిటో పూర్తిగా తెలిసినది మధురవాణికే. మగవేషం వేసుకుని వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లి కేసు ముడి విప్పేది ఆవిడే. మారువేషం, ఆరా తియ్యడం, ఎదుటివాడి గర్వాన్ని గోకి నిజం రాబట్టడం, ఇవన్నీ ఆవిడకి గురజాడ ఇచ్చిన విద్యలు. బయటినుంచి వచ్చిన మగవాడు ఆమెకి పరిశోధన నేర్పించే కథ రాస్తే చదువుకున్నవాళ్లు ఊరుకోరు. ప్రాంప్టర్ కథ చెబుతాడు, మధురవాణి కేసు తేలుస్తుంది.

తెర వెనక, తెర ముందు

ఇప్పుడు అసలు నియమం. రంగం మీద ఉన్నంతసేపు ఏ పాత్రయినా అచ్చులో ఉన్న మాటే అనాలి, అచ్చులో ఉన్న పనే చెయ్యాలి. నేరమైనా, దర్యాప్తయినా జరిగేది తెర వెనకే. అంటే పాత్రలు నాటకంలో కనబడని సమయంలో.

చిన్న నియమమే కానీ దీంతో మూడు పనులు ఒకేసారి జరిగాయి.

మొదటిది అలిబీ, అంటే నేరం జరిగినప్పుడు తను వేరేచోట ఉన్నానన్న రుజువు. ఒక పాత్ర ఫలానా సీన్‌లో రంగం మీద ఉంటే, అతనికి లోకంలో ఎక్కడా దొరకని అలిబీ ఉన్నట్టే. వంద సంవత్సరాలుగా పాఠకులందరూ సాక్షులు. డైలాగు ఎప్పుడు మాయమైందో తెలిస్తే, ఆ సమయానికి రంగం మీద లేనివాళ్లే అనుమానితులు. పాఠకుడు తన ఇంట్లో ఉన్న కన్యాశుల్కం తీసి తనే సరిచూసుకోవచ్చు. ఇంతకంటే న్యాయమైన మిస్టరీ ఏముంటుంది?

రెండోది టెన్షన్. మధురవాణి ఎవరినో గుచ్చిగుచ్చి అడుగుతుంటుంది, సరిగ్గా అవతలివాడు నోరు విప్పబోయే సమయానికి ఆమె ప్రవేశం వచ్చేస్తుంది. పరుగెత్తుకెళ్లి రామప్ప పంతులిని కంటె ఏదని నిలదీయాలి. తిరిగొచ్చేసరికి సాక్షి తన సీన్‌కి వెళ్లిపోయి ఉంటాడు. నాటకం టైంటేబుల్ దర్యాప్తుకి అడ్డం పడుతూనే ఉంటుంది. నవలలో హాస్యం సగం ఇక్కడినుంచే వచ్చింది. మొదటి డ్రాఫ్ట్‌లోని ఫోన్ జోకులన్నీ వాటంతటవే రాలిపోయాయి.

మూడోది ఫాంటసీకి కళ్లెం. మంత్రం ఉన్నా సరే, రంగం మీద జరిగినదాన్ని మార్చలేదు.

ఇది నిలబడాలంటే కాగితం పని తప్పదు. నాటకం ఏడు అంకాలనీ సీన్లుగా విడగొట్టి, అడ్డంగా సీన్లు, నిలువుగా పాత్రలు పెట్టి పెద్ద పట్టిక వేశాం. ఎవరు ఎప్పుడు ప్రవేశిస్తారు, ఎప్పుడు వెళ్లిపోతారు, ఎవరి గురించి మాటల్లో మాత్రమే వస్తుంది. ఈ పట్టిక వేసే ఓపిక లేనివాళ్లు ఈ రకం కథ జోలికి పోకపోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. పట్టిక వేశాక నాటకం కొత్తగా కనబడింది. గిరీశం నాటకం నిండా ఉన్నాడనిపిస్తుంది గానీ, మధ్యలో పెద్ద భాగం రామప్ప పంతులు, మధురవాణి, లుబ్ధావధాన్లు, కరటక శాస్త్రి నడిపిస్తారు. కరటక శాస్త్రికి తెర వెనక బోలెడు సమయం. ఆడవేషం తీసేసి పారిపోయాక మహేశానికి ఖాళీయే ఖాళీ. అందుకే మధురవాణికి వార్తలు మోసే పని అతనికి అప్పగించాం.

నియమానికి ఒక మినహాయింపు కూడా నాటకమే ఇచ్చింది. మధురవాణి ఇంట్లో గిరీశం మంచం కింద దాక్కునే ఘట్టం ఉంది కదా. మంచం కింద ఉన్నవాడు రంగం మీద ఉన్నట్టా, లేనట్టా? దీని మీద నవలలో అగ్నిహోత్రావధాన్లు పెద్ద వాదం లేవదీస్తాడు. కోర్టు వ్యవహారమంటే ఆయనకున్న మోజు అందరికీ తెలిసిందే గనక ఆ సీన్ దానంతటదే పరుగెత్తింది.

ఏ ప్రతిని సాక్ష్యంగా తీసుకోవాలన్నది ముందే తేల్చుకోవాల్సిన ఇంకో విషయం. కన్యాశుల్కం 1892లో మొదట ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి, తిరగరాసి రెండో కూర్పు తెచ్చాడు. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే వేరే నాటకమా అనిపిస్తుంది. మధురవాణి ఇంత మనిషిగా ఎదిగింది రెండో కూర్పులోనే. ఇవాళ జనం చదివేది 1909 నాటిది కాబట్టి అలిబీలన్నీ దాని ప్రకారమే అని ఖాయం చేశాం. మరి 1897 ప్రతి? దాన్ని రచయిత్రి నేలమాళిగ చేశారు. మార్పుల్లో పోయిన మాటలు, ఇరుకు పడి బయటికొచ్చిన వాక్యాలు అక్కడ దుమ్ము పట్టి ఉంటాయి. దొంగిలించిన డైలాగు దాచడానికి అందరూ మొదట వెతికే చోటు అదే. అక్కడ దొరకదు.

ఎవరు తీశారు

రెండో డ్రాఫ్ట్‌లో దొంగ 'కొండుభట్టీయం' మనిషి. గురజాడ పూర్తి చెయ్యకుండా వదిలేసిన నాటకం అది. ముగింపు లేని నాటకంలో ఇరుక్కుపోయిన పాత్ర, పక్క నాటకం ఆఖరి మాట ఎత్తుకుపోయాడన్నమాట. మోటివ్ అందంగా ఉంది. చదవగానే నాకూ ముచ్చటేసింది. కానీ మిస్టరీగా ఇది అన్యాయం. కొండుభట్టీయం పేరు విన్నవాళ్లే తక్కువ. పాఠకుడు కథలో ఒక్కసారీ కలవని మనిషిని చివరి అధ్యాయంలో తెచ్చి ఇతనే దొంగ అంటే, మొదటి డ్రాఫ్ట్‌లోని గవరయ్య మంత్రానికీ దీనికీ తేడా లేదు. దొంగ నాటకంలో అందరికీ తెలిసిన మనిషి అయ్యుండాలి, నవల మొదటి పావులో కళ్లముందు కనబడాలి, అయినా ఆ మనిషి మీద అనుమానం రాకూడదు.

పట్టిక ముందు పెట్టుకుని చూస్తే జవాబు దాదాపు దానంతటదే కనబడింది. ఆఖరి సీన్‌లో రంగం మీద లేని మనిషి. అయినా ఆ సీన్‌లో ఎవరి బతుకు గురించి మాట్లాడుకుంటారో ఆ మనిషి. బుచ్చమ్మ.

అగ్నిహోత్రావధాన్లు కూతురు, చిన్నవయసులోనే వితంతువైన ఆమెని గిరీశం మాయమాటలతో లేవదీసుకుపోతాడు. చివరికి సౌజన్యారావు పంతులు ఆమెని పూనా విడోస్ హోంకి పంపించాలని నిర్ణయిస్తాడు. ఆమెని ఎవరూ ఏమీ అడగరు. కథ ముగిసేటప్పుడు ఆమె అక్కడ లేదు. తెర పడేముందు ఆఖరి మాట మాత్రం ఆమెని మోసం చేసినవాడిది, అది కూడా అందరూ చప్పట్లు కొట్టే మాట. ఆ మాట మీద ఆమెకి కాక ఇంకెవరికి హక్కుంది? కథ అడ్డంగా తిరిగింది నిజానికి ఆమెకి.

ఈ ఆలోచన వచ్చాక మార్చాల్సిందల్లా క్లూలు. కృష్ణరాయపురం అగ్రహారంలో గిరీశం వెంకటేశానికి పాఠాలు చెప్పడానికి వచ్చి, బుచ్చమ్మ వింటుండగా నానా కబుర్లు చెబుతాడు. "నాతో మాట్లాడ్డమే ఒక ఎడ్యుకేషన్" అన్నవాడు గదా. నవలలో ఆ మాట నిజమైపోయింది. అతనితో మాట్లాడి మాట్లాడి బుచ్చమ్మకి ఇంగ్లీషు ముక్కలు పట్టుబడ్డాయి. మూడో అధ్యాయంలో, పాలు పొంగిపోతుంటే ఆమె నోటినుంచి ఒక చిన్న తిట్టు జారుతుంది. ప్రాంప్టర్ అది విని నవ్వుకుంటాడు, రాసుకోడు. లోకమంతా ఆ తిట్టు మర్చిపోయిన వేళ ఆమెకి ఎలా తెలిసింది? ఆ ప్రశ్న మధురవాణికి వస్తుంది, కానీ చాలా ఆలస్యంగా. ముందు చదివినవాళ్లు ఆ లైను దగ్గర అందరూ నవ్వారు. ఒకరిద్దరు తప్ప ఎవరూ ఆగలేదు. అమాయకురాలు గదా అని నవ్వేసి దాటిపోతారని తెలిసే అక్కడ పెట్టాం.

దాచిన చోటు గవరయ్య సీసా. దెయ్యాన్ని సీసాలో బిగించే గవరయ్యని మొదటి డ్రాఫ్ట్ హంతకుణ్ణి చేసింది గానీ, అతని అసలు విలువ ఆ సీసాలో ఉంది. సీసాలో ఏముందో తెరిచి చూసే ధైర్యం ఎవరికీ ఉండదు. గిరీశం మాటని అందులో పెట్టి బిరడా బిగించేస్తే, హెడ్ కానిస్టేబుల్ ఇల్లంతా సోదా చేసినా దాని జోలికి పోడు. గవరయ్యకి మాత్రం తన సీసా ఈమధ్య ఇంగ్లీషులో గొణుగుతోందని అనుమానం. ఇది నవల మొత్తంలో రచయిత్రి రాసిన అతి మంచి హాస్యం.

ఎక్కడ నవ్వకూడదు

కన్యాశుల్కం నవ్విస్తుంది. కానీ అది పిల్లల్ని ముసలివాళ్లకి అమ్మే ఆచారం మీద రాసిన నాటకం. మొదటి డ్రాఫ్ట్‌లో, లుబ్ధావధాన్లుకి ఇచ్చి పెళ్లి చెయ్యాలనుకున్న బుచ్చమ్మ చెల్లెలు సుబ్బిని ముద్దుముద్దుగా మాట్లాడే చిట్టి డిటెక్టివ్‌ని చేశారు. తీసేయించాను. నాటకంలో ఆ పిల్ల గొంతు మనకి దాదాపు వినబడదు, ఆ నిశ్శబ్దం గురజాడ వాడిన ఆయుధమని నేను నమ్ముతాను. ఆమె చేత జోకులు వేయిస్తే ఆ ఆయుధం మొద్దుబారుతుంది. మధురవాణి వృత్తి మీద కన్నుకొట్టే వాక్యాలు కూడా పోయాయి. రామప్ప పంతులు నోట అవి రావచ్చు, అది అతని స్వభావం. కథ చెప్పే ప్రాంప్టర్ నోట రాకూడదు. గిరీశం, రామప్ప పంతులు, సిద్ధాంతి, వీళ్ల మీద ఎంత నవ్వినా తప్పులేదు. గురజాడ వాళ్లని అందుకే కదా మనకి అప్పగించాడు.

భాష విషయంలో పెద్దగా చెప్పడానికి లేదు. అందరి చేతా 1909 నాటి అక్షరాలతో మాట్లాడించబోతే పేజీ బరువెక్కింది. రంగం మీది మాటలు మూలంలో ఉన్నట్టే, తెర వెనక మాటలు ఇవాళ్టి తెలుగులో, ఉత్తరాంధ్ర యాస మాత్రం అక్కడక్కడ తగిలేలా. గిరీశం మాత్రం తెర వెనక కూడా "మై డియర్ షేక్స్‌పియర్" మానడు. అతనికి తెర ముందూ వెనకా తేడా లేదన్నమాట.

పాత్రల హక్కుల సంగతి కూడా రాయాలి. ఈ రకం రాసేవాళ్లు తరచూ దీన్ని మర్చిపోతారు. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ల దాకా హక్కులు ఉంటాయి. గురజాడ 1915లో పోయాడు, ఆయన విషయంలో చిక్కులేదు. 'గణపతి' రాసిన చిలకమర్తి 1946లో పోయారు, అదీ పరవాలేదు. బారిస్టర్ పార్వతీశాన్ని సృష్టించిన మొక్కపాటి నరసింహశాస్త్రి 1973లో పోయారు, కాబట్టి 2033 చివరిదాకా ఆగాలి. ఒక పాత్ర పేరు, స్వభావం వాడుకోవడం ఎంతవరకు హక్కుల ఉల్లంఘన అన్నది కోర్టుల్లో నలిగే ప్రశ్న, నేను లాయర్ని కాను. పార్వతీశం వెళ్లిపోయాడు. గణపతినీ, జంఘాల శాస్త్రినీ చట్టం వెళ్లగొట్టకపోయినా కథ వెళ్లగొట్టింది. అతిథులు ఎక్కువైతే అనుమానితులు గుర్తుండరు. గణపతి కోసం రచయిత్రి చాలా బతిమాలారు. ఒక్క వాక్యంలో వింగ్ పక్కన నిద్రపోతూ కనబడేందుకు ఒప్పుకున్నాను.

పాఠకుల దగ్గర

మూడో డ్రాఫ్ట్‌ని నాటకం చదివినవాళ్లకీ, చదవనివాళ్లకీ విడివిడిగా ఇచ్చాం. చదివినవాళ్లు బుచ్చమ్మ అని తేలగానే మొదట కోపగించుకున్నారు, తర్వాత అసలు నాటకం తీసి ఆఖరి సీన్ మళ్లీ చదివారు. ఒకాయన, కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, "ఇన్నేళ్లు పాఠం చెప్పాను, ఆ అమ్మాయి అక్కడ లేదన్నది నాకు తట్టలేదు" అన్నాడు. చదవనివాళ్లకి కథ పట్టుబడింది గానీ పేర్లు కలగాపులగం అయ్యాయి. లుబ్ధావధాన్లు, అగ్నిహోత్రావధాన్లు ఎవరెవరో తెలియక రెండు అధ్యాయాలు తికమకపడ్డారు. ముందు పాత్రల జాబితా వేద్దామనుకున్నాం, అది పాఠ్యపుస్తకంలా అనిపించింది. బదులుగా ప్రాంప్టర్ తన అలవాటు ప్రకారం ప్రతి ప్రవేశం దగ్గరా మనిషి పేరు, పని గొణుక్కుంటాడు: "అగ్నిహోత్రావధాన్లు, కూతుళ్ల తండ్రి, కోపం." సమస్య తీరింది, అతని గొంతుకి ఒక తీరూ వచ్చింది.

ముగింపు మీద మాత్రం మేమిద్దరం ఇంకా ఒక మాటకి రాలేదు. ఈ రకం కథల్లో చివరికి మూల గ్రంథం అచ్చులో ఉన్నట్టే తిరిగి నిలబడాలి. పాఠకుడు పుస్తకం మూసి తన షెల్ఫ్‌లోని కన్యాశుల్కం తీస్తే డైలాగు అక్కడ ఉండాలి కదా. కాబట్టి బుచ్చమ్మ దాన్ని తిరిగి ఇవ్వాలి. మధురవాణి ఆమెని బలవంతపెట్టదు, సౌజన్యారావు పంతులికి అప్పగించదు. బిరడా బుచ్చమ్మ తనే తీస్తుంది. అంతవరకు ఇద్దరికీ ఒప్పుకోలే. దాన్ని గిరీశానికి ఇచ్చేముందు ఆమె ఒకసారి ఆ మాట బయటికి అనాలా వద్దా అన్నదే గొడవ. రచయిత్రి అనాలంటారు, తెర వెనక కాబట్టి నియమం తప్పదంటారు. నిజమే, తప్పదు. కానీ దొంగ ఎవరో తేలిన సీన్‌లో ఆమె ఒకసారి ఆ మాట అనేసింది. రెండోసారి అంటే బరువు తగ్గుతుందని నా వాదన. ఆవిడ రెండు రకాలుగానూ రాసి పంపారు. రెండూ చదివాక నా అభిప్రాయం మారలేదు, అయితే ఆవిడ రాసినదాంట్లో బుచ్చమ్మ ఆ మాటని పలికే తీరు మాత్రం బాగుంది: పూర్తిగా, తప్పులేకుండా, గిరీశం కంటే మంచి ఉచ్చారణతో. ప్రచురణకర్త దగ్గరికి ఆవిడ ప్రతే వెళ్లింది, పుస్తకం ఆవిడది గనక.

ఇప్పుడు రెండో కేసు కొండుభట్టీయం లోపల పెడతానంటున్నారు. అసంపూర్ణ నాటకంలో పాత్రలకి చివరి అంకాల అలిబీ ఉండదు, ఎందుకంటే ఆ అంకాలే లేవు. ముందు పట్టిక వేసి పంపండి, ఉన్న సీన్లలో ఎవరెవరు ఎక్కడున్నారో చూశాకే నేరం మాట మాట్లాడుకుందాం అన్నాను.